పొద్దున మత్తు, సాయంత్రం ఇల్లు

మూలుగ తీస్తారంటే మనవాళ్ల చెయ్యి ముందుగా వెన్ను మీదికి పోతుంది. వెన్నులోంచి తీస్తారని, తీశాక కాళ్లు పడిపోతాయని, మనిషి మళ్లీ మునుపటిలా లేవడని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. మెదడుకు ఇన్ఫెక్షన్ సోకిందన్న అనుమానంతో వెన్నులోంచి నీరు తీసి చూసే పరీక్షకూ, మూలుగ పరీక్షకూ రోగిని ఒకే తీరున పక్కకు తిప్పి, మోకాళ్లు ముడిపించి పడుకోబెడతారు. రెండింట్లోనూ సూది నడుము దగ్గరే దిగుతుంది. తలుపు సందులోంచి చూసే బంధువులకు తేడా ఎలా తెలుస్తుంది?

కానీ మూలుగ సూది వెన్నుపాము దరిదాపులకు పోదు. నడుము కింద, వెనకవైపు, పలచటి మనుషుల్లో చర్మం మీద అటొకటి ఇటొకటి చిన్న గుంటలు కనిపిస్తాయి. అక్కడ తుంటి ఎముక వెనక అంచు చర్మానికి బాగా దగ్గరగా వస్తుంది. సూది దిగేది ఆ ఎముకలోకి.

అక్కడే ఎందుకంటే, పెద్దవాళ్లలో మూలుగ అన్ని ఎముకల్లోనూ ఒకేలా ఉండదు. పుట్టినప్పుడు ఒంట్లోని ఎముకలన్నిటా ఎర్ర మూలుగే. వయసు వచ్చేకొద్దీ కాళ్లూ చేతుల పొడుగు ఎముకల్లో అది కొవ్వుగా మారిపోతుంది. మాంసం కూరలో మూలుగ బొక్క పీల్చినప్పుడు నాలుకకు తగిలే నెయ్యిలాంటి పదార్థం చాలావరకు అలాంటిదే. రక్తాన్ని తయారుచేసే ఎర్ర మూలుగ వెన్నుపూసల్లో, పక్కటెముకల్లో, రొమ్ముఎముకలో, పుర్రెలో, తుంటి ఎముకల్లో మిగులుతుంది. రొమ్ముఎముక వెనకే గుండె ఉంది. పక్కటెముక మరీ పలచన. వెడల్పుగా, మందంగా, కీలకమైన అవయవాలకు దూరంగా ఉండేది తుంటి ఎముక వెనక భాగమే.

జబ్బు నిర్ధారణకు తీసే మూలుగ కొన్ని మిల్లీలీటర్లు మాత్రమే. 1927లో లెనిన్‌గ్రాడ్ వైద్యుడు అరింకిన్ బతికున్న మనిషి రొమ్ముఎముకలోకి సూది దించి మూలుగను బయటికి లాగి చూపించాడు. అప్పటి నుంచి అది ఓపీ గదిలో చేసే పరీక్షే. లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆ చోటు మొద్దుబార్చి, తీసి, కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి పంపేస్తారు. మార్పిడి కోసం తీసే మూలుగ సంగతి వేరు. అది లీటరుకు దగ్గర దగ్గర ఉంటుంది. దాన్ని ఆసుపత్రుల్లో హార్వెస్ట్ అంటారు. లీటరు మూలుగ ఇచ్చిన మనిషి, అందులోనూ అప్పటికే కీమోతో నలిగిన క్యాన్సర్ రోగి, అదే సాయంత్రం ఇంటికి వెళ్లి తన మంచం మీద పడుకోవచ్చా అన్నది ఈ అధ్యాయం అడిగే ప్రశ్న.

లెక్క చూద్దాం. మార్పిడికి ఎక్కించుకునే మనిషి బరువులో కిలోకు 20 నుంచి 40 కోట్ల దాకా కణాలు కావాలి. అరవై కిలోల మనిషికి కిలోకు 30 కోట్ల చొప్పున 1,800 కోట్లు. మిల్లీలీటరు మూలుగలో రెండు కోట్ల కణాలు వస్తాయనుకుంటే 900 మిల్లీలీటర్లు లాగాలి. ఇచ్చే మనిషి బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు మించకూడదన్నది అందరూ పాటించే హద్దు, కాబట్టి ఈ 900 ఆ హద్దు లోపలే ఉంది. ఈ వందల కోట్ల కణాల్లో మనకు నిజంగా కావలసిన మూలకణాల లక్షణాలున్నవి నూటికి ఒకటి దాకా ఉంటాయి. మిగిలినవి వాటి వెంట వచ్చే పరివారం.

ఒక్కసారి సిరంజి పెట్టి 900 మిల్లీలీటర్లూ లాగేస్తే పోదా? కుదరదు. మూలుగ స్పాంజి లాంటి ఎముక గదుల్లో ఇరుక్కుని ఉంటుంది. సూది పెట్టి గట్టిగా లాగినప్పుడు మొదట వచ్చే నాలుగైదు మిల్లీలీటర్లే చిక్కటి మూలుగ. ఆ తర్వాత చుట్టుపక్కల రక్తనాళాల్లోంచి రక్తం వచ్చి కలిసి సిరంజి నిండుతుంది, కణాలు మాత్రం పెరగవు. అందుకే కొంచెం లాగి, సూదిని కాస్త తిప్పి, ఇంకాస్త లోతుకు దించి లేదా బయటికి తీసి పక్కన దించి, మళ్లీ కొంచెం లాగాలి. ఐదేసి మిల్లీలీటర్ల చొప్పున 900 కావాలంటే 180 సార్లు. చర్మం మీద కనబడే రంధ్రాలు మాత్రం చెరోవైపు ఒకటో రెండో, మహా అయితే మూడో. చర్మం సాగుతుంది కాబట్టి ఒకే రంధ్రంలోంచి సూదిని అటూ ఇటూ జరిపి ఎముకను పదుల చోట్ల గుచ్చవచ్చు. ఇంటికి వెళ్లాక అద్దంలో చూసుకున్న రోగి ఇంతేనా అనుకుంటాడు. నొప్పి మాత్రం ఎముకకు పడిన గాట్లన్నిటి లెక్కా చెబుతుంది.

థియేటర్‌లో ఇది ఇద్దరు డాక్టర్ల పని. మత్తు ఇచ్చాక రోగిని బోర్లా తిప్పుతారు. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెడతారు, కడుపు నొక్కుకోకుండా. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు నిలబడతారు. పిడి ఉన్న లావుపాటి సూదిని అరచేతిలో ఇముడ్చుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పుతూ ఎముక పైపెంకును తొలుస్తారు. పెంకు దాటగానే పట్టు ఒక్కసారిగా సడలుతుంది, లోపలికి వచ్చామని చేతికి తెలుస్తుంది. అప్పుడు సూది లోపలి కడ్డీ తీసి, హెపారిన్‌తో కడిగిన సిరంజి బిగించి, పిస్టన్‌ను చురుగ్గా వెనక్కి లాగుతారు. వచ్చేది మామూలు రక్తం కంటే చిక్కటి ముదురు ఎరుపు. దాని మీద నూనె చుక్కల్లా కొవ్వు మెరుస్తుంది, సన్నటి రవ్వల్లాంటి కణాల ముద్దలు కనిపిస్తాయి. సిరంజి చేతులు మారుతుంది. నర్సు దాన్ని గడ్డకట్టనివ్వని ద్రావణం ఉన్న సంచిలోకి వంపి, ఇంకో సిరంజి అందిస్తుంది. గంట, గంటన్నర ఇదే లయలో సాగుతుంది. మధ్యలో కొంచెం నమూనా ల్యాబ్‌కు పోతుంది. కణాల లెక్క ఫోన్‌లో వస్తుంది. చాలకపోతే ఇంకా లాగుతారు. చివరికి సంచిలోది జల్లెడల గుండా దిగుతుంది. ఎముక పొట్టు, కొవ్వు ముద్దలు, గడ్డలు అక్కడ ఆగిపోతాయి.

శరీరం వైపు నుంచి చూస్తే జరిగింది ఏమిటి? మనం రక్తదానం చేస్తే ఒక సంచికి 350 మిల్లీలీటర్లు తీస్తారు. ఇక్కడ దాదాపు రెండున్నర సంచుల ద్రవం గంటన్నరలో బయటికి పోయింది, అందులో ఎక్కువ భాగం రక్తమే. అరవై కిలోల మనిషి ఒంట్లో ఉండే మొత్తం రక్తంలో ఇది ఐదో వంతుకు పైనే. హిమోగ్లోబిన్ తగ్గుతుంది. సెలైన్ ఎక్కించకపోతే బీపీ పడిపోతుంది. పోయిన మూలుగ మాత్రం మొత్తంలో చిన్న భాగమే, కొన్ని వారాల్లో మళ్లీ నిండిపోతుంది.

రక్తసంబంధికుడో, ముక్కూ మొహం తెలియని దాతో మూలుగ ఇవ్వడం సరే, రోగి తన మూలుగ తనే ఎందుకు ఇచ్చుకోవాలన్న సందేహం సహజం. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో పనిచేస్తున్న ఈ. డోనల్ థామస్ 1957లో, మూలుగను రక్తనాళం ద్వారా ఎక్కించవచ్చని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు. ఎముకలోంచి తీసినదాన్ని మళ్లీ ఎముకలోనే పెట్టనక్కర్లేదు. సెలైన్‌లా చేతి నరంలోకి వదిలితే చాలు, కణాలు తమ చోటు తామే వెతుక్కుంటాయి. అలా వెతుక్కుని కాపురం పెట్టే కణాలున్నాయని ప్రయోగంతో నిలబెట్టింది టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కలక్. రేడియేషన్‌తో మూలుగ చచ్చిన ఎలుకలకు వాళ్లు కొత్త మూలుగ ఎక్కించారు. కొన్ని రోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద బొడిపెలు లేచాయి. ఒక్కో బొడిపె ఒక్కో కణం సంతానమని 1961 నుంచి వెలువడిన వాళ్ల పరిశోధనలు తేల్చాయి. థామస్ తర్వాత సియాటిల్‌కు మారి మార్పిడిని నమ్మదగిన వైద్యంగా నిలబెట్టాడు. 1990లో నోబెల్ అందుకున్నాడు. వేరేవాళ్ల మూలుగ ఎక్కిస్తే ఆ కణాలు కొత్త ఇంటి మీదే తిరగబడే ప్రమాదం ఉంది. దాన్ని అదుపు చేయడానికి వాడిన తొలి మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి వచ్చిన మందది. మూలుగ మార్పిడి చరిత్రలో మన మనిషి చెయ్యి అలా పడింది. ఈ మాట ఎక్కడ చెప్పుకునే అవకాశం వచ్చినా నేను వదులుకోను.

రోగి మూలుగే రోగికి ఎక్కిస్తే ఈ తిరుగుబాటు ఉండదు. మరి ఉపయోగం ఏమిటి? లింఫోమా లాంటి క్యాన్సర్లు మళ్లీ తిరగబెట్టినప్పుడు కీమో మోతాదు బాగా పెంచితే లొంగే అవకాశం ఉంది. పెంచనివ్వకుండా అడ్డుపడేది మూలుగ. ఆ మోతాదుకు క్యాన్సర్‌తోపాటు మూలుగా చస్తుంది, రక్తం తయారయ్యే దారి మూసుకుపోతుంది. కాబట్టి ముందే మూలుగ తీసి దాచి, పెద్ద మోతాదు కీమో ఇచ్చి, మందు ఒంట్లోంచి పోయాక దాచినదాన్ని తిరిగి ఎక్కిస్తారు. దాచడం అంటే, మంచు స్ఫటికాలు కణాలను చీల్చకుండా డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున నిదానంగా చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెట్టడం. తిరిగి ఎక్కించే రోజున ఆ ద్రావకం ఊపిరి వెంట బయటికి వస్తూ గదంతా వెల్లుల్లి వాసన కొడుతుంది. ఇంత తంటా ఫలించిందా అంటే, తిరగబెట్టిన లింఫోమా మీద జరిగిన పార్మా ప్రయోగం ఫలితాలు 1995లో వచ్చాయి. మామూలు కీమో కొనసాగించిన వాళ్లలో ఐదేళ్లకు బతికున్నది 32 శాతం. సొంత మూలుగ మార్పిడి పొందినవాళ్లలో 53 శాతం.

ఇప్పుడు రాత్రి బస సంగతి. 1980ల దాకా మూలుగ ఇచ్చేవాళ్లు ముందురోజే వార్డులో చేరేవారు, మర్నాడు థియేటర్, ఆ రాత్రీ అక్కడే. 1984లో సియాటిల్ బృందం ఆరోగ్యవంతులైన దాతల నుంచి చేసిన 1,200కు పైగా సేకరణల అనుభవాన్ని ప్రచురించింది. ప్రాణం మీదికి వచ్చిన చిక్కులు నూటికి ఒకటి కూడా లేవు. అప్పుడు అడగవలసిన ప్రశ్న తనంతట తనే ముందుకొచ్చింది. ఆ రాత్రి వార్డులో ఏం చేస్తున్నాం? నొప్పికి మాత్ర, వాంతికి ఇంజెక్షన్, బీపీ చూడటం, కట్టు తడిసిందేమో చూడటం. ఇందులో తెల్లవారే దాకా ఆసుపత్రిలోనే చేయాల్సింది ఏది?

టొరంటోలో సొంత మూలుగ మార్పిడి చేస్తున్న వైద్యులు ఈ ప్రశ్నకు జవాబు వెతికి, రోగుల నుంచి ఓపీ పద్ధతిలో మూలుగ సేకరించిన తమ అనుభవాన్ని 1989లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో రాశారు. వీళ్లు ఎంచుకున్నది ఆరోగ్యవంతులైన దాతలను కాదు, రోగులనే. అదే ఆ పని విలువ. దాత ఒంట్లో అన్నీ సవ్యంగా ఉంటాయి. రోగి అప్పటికి ఎన్నో విడతల కీమో చూసి ఉంటాడు. హిమోగ్లోబిన్ తక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ, తెల్లకణాలు తక్కువ. తుంటికి రేడియేషన్ పడి ఉంటే అక్కడ మూలుగే ఎండిపోయి ఉంటుంది. కణాలు పలచబడ్డ మూలుగ కాబట్టి ఎక్కువ లాగాలి, ఎక్కువ లాగితే ఎక్కువ రక్తం పోతుంది. ఇంత బలహీనుణ్ణి అదే రోజు పంపవచ్చని చూపగలిగితే మిగతావాళ్ల సంగతి తేలికవుతుంది. జాగ్రత్తగా ఎంచుకున్న రోగుల్లో అది భద్రంగా సాధ్యమేనని వాళ్లు తేల్చారు.

ఆపరేషన్ చేసి అదే రోజు పంపడం అప్పటికి కొత్త ఆలోచనేమీ కాదు. స్కాట్లండ్‌లో గ్లాస్గో పిల్లల ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ నికల్ 8,988 ఆపరేషన్లు ఓపీలోనే చేశానని 1909లోనే లెక్క చూపించాడు. గ్రహణమొర్రి, హెర్నియా లాంటివి చేసి, బిడ్డను తల్లి చేతికిచ్చి ఇంటికి పంపేవాడు. పసిబిడ్డకు వార్డు మంచం కంటే తల్లి ఒడే మంచిదన్నది ఆయన వాదం. ఆ తర్వాత అరవై ఏళ్లకు, 1970లో, అమెరికాలోని ఫీనిక్స్‌లో రీడ్, ఫోర్డ్ అనే ఇద్దరు మత్తు డాక్టర్లు పగటి ఆపరేషన్లకే ప్రత్యేకంగా కేంద్రం తెరిచారు. ఆ మధ్య కాలమంతా అడ్డు నిలిచింది ఎక్కువగా మత్తే. పాత మందుల మత్తు దిగడానికి గంటలు పట్టేది. దిగేటప్పుడు కడుపులో తిప్పేది. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్‌కు 1986లో బ్రిటన్‌లో, 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు ఆపిన కొద్ది నిమిషాల్లోనే మనిషి కళ్లు తెరిచి పేరు చెబుతాడు. వాంతులను ఆపే ఒండాన్‌సెట్రాన్ దాదాపు అదే రోజుల్లో వచ్చింది. మూలుగ తీసే సూది మారలేదు, ఎముకకు పడే గాట్లూ తగ్గలేదు. మారింది ఆ గంటన్నరకు ముందూ వెనకా ఉన్న వైద్యం. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. మూలుగ ఇచ్చి సాయంత్రానికి ఇల్లు చేరడం అనగానే జనం ఏదో కొత్త యంత్రాన్ని ఊహించుకుంటారు. ఇది మత్తు డాక్టరు, నర్సు, ఫోన్ ఎత్తే మనిషి, ఇంట్లో తోడు, ఈ నలుగురి మీద నిలబడిన పద్ధతి.

మధ్యాహ్నం రికవరీ గదిలో జరిగేది చూస్తే ఇది తెలుస్తుంది. థియేటర్ నుంచి వచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. తన బరువే గాయాల మీద ఒత్తుగా పనిచేసి రక్తం ఆగుతుంది. మత్తు దిగకముందే ఎముక పైపొరలో బ్యుపివకెయిన్ ఇచ్చి ఉంటారు కాబట్టి మొదటి కొన్ని గంటలు నొప్పి అంతగా తెలియదు. సెలైన్ నడుస్తూనే ఉంటుంది. రెండు గంటలకో, మూడు గంటలకో నర్సు మంచం తల వైపు పైకెత్తి, పడుకున్నప్పటి బీపీ పక్కన కూర్చున్నప్పటి బీపీ రాస్తుంది.

“కళ్లు తిరుగుతున్నాయామ్మా?”

“లేదు సిస్టర్. తల మాత్రం కాస్త తేలిగ్గా ఉంది.”

“అయితే ఇంకాసేపు ఇలాగే కూర్చోండి. తొందరేం లేదు. నిలబడేటప్పుడు నా చెయ్యి పట్టుకోండి.”

ఆ తేలికే అసలు పరీక్ష. రక్తం తగ్గిన మనిషికి పడుకున్నంత సేపూ అన్నీ బాగానే ఉంటాయి. నిలబడ్డప్పుడు రక్తం కాళ్లలోకి దిగి మెదడుకు చాలకపోతే కళ్లముందు చీకట్లు కమ్ముతాయి, బాత్‌రూమ్‌కు వెళ్తూ పడిపోతాడు. మంచం మీద తీసిన ఒక్క రీడింగ్ చూసి ఇంటికి పంపితే ఆ పడటం ఇంట్లో జరుగుతుంది. అందుకే నిలబెట్టి, గది చివరిదాకా నడిపించి, మళ్లీ బీపీ చూస్తారు.

ఎవరు వెళ్లవచ్చో తేల్చడానికి ఒక కొలమానం ఉంది. దాన్ని తయారుచేసింది కూడా టొరంటోకే చెందిన మత్తు వైద్యురాలు ఫ్రాన్సిస్ చంగ్. బీపీ, నాడి ఎలా ఉన్నాయి, నడుస్తున్నాడా, వాంతి అవుతోందా, నొప్పి ఎంత, రక్తం కారుతోందా. ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం పది. తొమ్మిది వస్తే వెళ్లవచ్చు. ఇందులో నాకు నచ్చేది ఎక్కడా గడియారం లేకపోవడం. ఆరు గంటలు గడిచాయి కాబట్టి వెళ్లు అనదు, రాత్రి గడవలేదు కాబట్టి ఆగు అనదు. ఈ మనిషి ఇప్పుడు ఎలా ఉన్నాడని మాత్రమే అడుగుతుంది. మార్కులు వచ్చినా, ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా పక్కన ఉండే పెద్దమనిషి లేకపోతే పంపరు.

వెళ్లకూడని వాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి గట్టిగా చెప్పాలి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడుముకు మత్తు ఇస్తే మూత్రం రానివాళ్లు ఆగాల్సిందే. దాత పసిబిడ్డ అయినప్పుడు కూడా ఒక రాత్రి ఉంచుకోవడమే మంచిది. అందరికంటే ముఖ్యంగా సికిల్ సెల్ రోగులు. వాళ్లకు జన్యుచికిత్స చేసేందుకు మొదట్లో వాళ్ల మూలుగనే ఇలా థియేటర్‌లో తీశారు. ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, ఆక్సిజన్ కాస్త తగ్గినా వాళ్ల ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాలకు అడ్డం పడతాయి. మత్తు, రక్తం పోవడం, నొప్పి మూడూ ఒకేరోజు వచ్చిపడే ఇలాంటి పని వాళ్లకు పెద్ద గండమే. ముందు రక్తం ఎక్కించి, తర్వాత ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకోవాలి. ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో, విశాఖ ఏజెన్సీలో ఈ జబ్బు ఉన్న కుటుంబాలు తక్కువేమీ లేవు కాబట్టి ఈ హెచ్చరిక మనకూ అవసరమే.

1990ల్లో ఇంకో మార్పు వచ్చింది. జీసీఎస్‌ఎఫ్ అనే హార్మోన్ ఇంజెక్షన్ నాలుగైదు రోజులు ఇస్తే మూలకణాలు మూలుగ వదిలి రక్తంలోకి వస్తాయి. అప్పుడు ఒక చేతి నరం నుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, మూలకణాలున్న పొరను వేరుచేసి, మిగతాది రెండో చేతికి తిరిగి ఎక్కించవచ్చు. నాలుగైదు గంటలు కుర్చీలో కూర్చుంటే చాలు, మత్తు లేదు, ఎముక గుచ్చేది లేదు. రోగి సొంత కణాలు సేకరించడానికి ఇప్పుడు దాదాపు అంతటా ఇదే దారి. అలాగని థియేటర్ పద్ధతి మూలపడలేదు. వేరొకరి నుంచి తీసుకునేటప్పుడు మూలుగకే మేలు ఎక్కువగా ఉన్న సందర్భాలున్నాయి. బయటి దాతల నుంచి తీసిన మూలుగనూ, రక్తం నుంచి తీసిన మూలకణాలనూ పోల్చిన పెద్ద అమెరికన్ ప్రయోగం 2012లో వెలువడింది. బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. దాత కణాలు రోగి ఒంటిని ఏళ్ల తరబడి వేధించే దీర్ఘకాలిక జబ్బు మాత్రం రక్తం నుంచి తీసినప్పుడు 53 శాతం మందికి, మూలుగ నుంచి తీసినప్పుడు 41 శాతం మందికి వచ్చింది. తలసీమియా పిల్లలకు, మూలుగ ఎండిపోయిన ఎప్లాస్టిక్ ఎనీమియా రోగులకు డాక్టర్లు ఇప్పటికీ తోబుట్టువు మూలుగనే కోరుకోవడానికి కారణం ఇదే. ఆ పిల్లలకు వదిలించాల్సిన క్యాన్సర్ ఏదీ లేదు, దాత కణాల దాడి వల్ల వాళ్లకు ఒరిగేదీ లేదు.

మన దగ్గర మూలుగ మార్పిడి 1983లో బొంబాయి టాటా మెమోరియల్‌లో, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మొదలైంది. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల వాళ్లకు రాయవేలూరు ఎప్పటి నుంచో పెద్దాసుపత్రి. తర్వాత హైదరాబాద్‌లోనూ సౌకర్యం పెరిగింది. ఇక్కడ రాత్రి బస ప్రశ్నకు టొరంటోలో లేని ఒక మెలిక ఉంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడొందల కిలోమీటర్లు. సాయంత్రం డిశ్చార్జి చేస్తే ఆ రోగి వెళ్లేది ఇంటికి కాదు, ఆసుపత్రి ఎదుటి లాడ్జికి. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, బాత్‌రూమ్ వరండా చివర. అలాంటి చోటికి, ఐదో వంతు రక్తం తగ్గిన మనిషిని పంపడం డే కేర్ అనిపించుకోదు. ఆసుపత్రి ఆవరణలోనే కింది అంతస్తులో నాలుగు గదులూ, పిలిస్తే వచ్చే నర్సూ ఉంటే అది నిజమైన ప్రత్యామ్నాయం. వార్డు కంటే ఖర్చు తక్కువ. మందులకు లొంగని ఆసుపత్రి క్రిములు అక్కడ తక్కువ. తల్లో భార్యో పక్కనే పడుకోవచ్చు.

బీమా ఇంకో మెలిక. మన ఆరోగ్య బీమా పాలసీల్లో ఆసుపత్రిలో చేరడం అంటే కనీసం వరుసగా 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండటం. డే కేర్ చికిత్సలకు మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపు కిందికి తన చికిత్స వస్తుందో రాదో రోగికి థియేటర్‌కు వెళ్లేముందే తెలియాలి. తెలియని కుటుంబం, క్లెయిమ్ పోతుందన్న భయంతో, అవసరం లేకపోయినా మంచం పట్టుకుని ఆ రాత్రి గడిపేస్తుంది. వైద్యం చెప్పిన కారణంతో ఉండటం వేరు, కాగితం కోసం ఉండటం వేరు. రెండోది ఆ రోగికి అన్యాయమే. ఎందుకంటే ఈ రోగి ముందు ఇంకా చాలా ఆసుపత్రి రాత్రులున్నాయి. పెద్ద మోతాదు కీమో తర్వాత కౌంట్లు తిరిగి పెరిగే దాకా ఒక్క గదిలో, మాస్కులు తొడుక్కున్న మొహాల మధ్య, మూడు నాలుగు వారాలు. వాటిలోకి పోకముందు ఇంట్లో నిద్రపోగలిగిన రాత్రి ఒకటి మిగిలినా అతనికి మిగలనివ్వాలి.

ఇంటికి వెళ్లేవాళ్ల చేతిలో పెట్టే కాగితం రోగి చదువుకునే భాషలో ఉండాలి. కట్టు ఒక రోజు తడవకూడదు. కట్టు మీద మరక రూపాయి బిళ్ల కంటే పెద్దదై ఇంకా పెరుగుతుంటే వెల్లకిలా పడుకుని, గుడ్డ మడిచి కింద ఒత్తు పెట్టి, ఫోన్ చేయాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. తెల్లకణాలు తగ్గినవాళ్లకు జ్వరం గంటల్లో ముదురుతుంది. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, అవి ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తాయి. రాత్రి బాత్‌రూమ్‌కు ఒక్కరే వెళ్లకూడదు, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి. బండి నడపడం, సంతకాలు పెట్టే పనులు మర్నాటి దాకా వద్దు. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానకూడదు. నడుము బిగుసుకుపోయినట్టుండటం, మెట్లెక్కేటప్పుడు, ఎక్కువసేపు కూర్చుని లేచేటప్పుడు సలుపు వారం పది రోజులు సహజం. కొందరికి మూడు వారాలూ పడుతుంది. మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచే ఫోన్ రావాలి, రోగి చేసేదాకా ఎదురుచూడకూడదు. వారానికి ఒకసారి రక్తపరీక్ష, హిమోగ్లోబిన్ కోలుకుంటోందా అని చూడటానికి. అది కోలుకుని, సంచిలో గడ్డకట్టించి దాచిన కణాలు చాలినన్ని ఉన్నాయని ల్యాబ్ చెప్పాకే పెద్ద కీమోకు తేదీ ఇస్తారు.